తండ్రి లేని పిల్లకు పాట వచ్చేదాకా

పర్లాకిమిడిలో మా ఇంటి వసారాలో ఆరేళ్లుగా జీబ్రా ఫించ్‌లనే చిన్న పాట పిట్టలను పెంచుతున్నాను. పోయిన మాఘంలో పిల్లలు గూడు దాటి మూడు రోజులైనా కాకముందే మగపక్షి చనిపోయింది. తల్లి మేత పెడుతోంది కాబట్టి ఆకలి బెంగ లేదు. నా బెంగ వేరు. ఈ జాతిలో ఆడపక్షి పాడదు. మగపిల్ల పాటను పెద్ద మగపక్షి దగ్గరే నేర్చుకోవాలి, అదీ సుమారు 25వ రోజుకూ 90వ రోజుకూ మధ్య. ఆ రోజుల్లో ఎవరి పాటా వినకపోతే దాని నోట పొందికలేని కూతలే మిగులుతాయి.

తండ్రి పాట నా ఫోనులో రికార్డు చేసి ఉంది. పూటకో గంట వినిపించాను. ఈలోగా ఒక పిల్లకు చెంపల మీద నారింజ మచ్చ తేలింది, మగదని తెలిసింది. అది కొర్రలు తింటూ కూర్చుందే తప్ప ఫోను వైపు చూడలేదు. చదివితే కారణం తెలిసింది: ఊరికే మోగే స్పీకరు నుంచి ఇవి సరిగా నేర్చుకోవు, ఎదురుగా పాడే పక్షి కావాలి. బరంపురంలో ఫించ్‌లు పెంచే పెద్దాయనకు ఫోను చేసి, పాడే మగపక్షిని ఒకదాన్ని కొన్నాళ్లు ఇవ్వమని అడిగాను.

"పాట నేర్పించి పంపు తమ్ముడూ, తొందరేమీ లేదు" అన్నారాయన. పంజరం ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను.

కొత్త పక్షి పాడుతుంటే పిల్ల పక్కన చేరి కదలకుండా వినేది. మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని ఏవో గుసగుసలు, గురగురలు. గొంతు పట్టేసిందనుకుని మందు వేయబోయాను. వేయకపోవడమే మంచిదైంది. ఆ గురగురలే సాధన.

పిట్ట మెదడులో పాటకు ప్రత్యేకంగా కణాల గుంపులున్నాయని 1976లో ఫెర్నాండో నాటెబోమ్ అనే శాస్త్రవేత్త బృందం కెనరీ పిట్టల్లో చూపింది. వాటిలో హెచ్‌వీసీ అనే గుంపు పాటకు వరసక్రమం ఇస్తుంది. అక్కడి నుంచి ఆర్‌ఏ గుంపుకు, దాని నుంచి గొంతు కండరాలను నడిపే నరాలకు ఆజ్ఞ వెళుతుంది. 2002లో హాన్‌లోసర్, కొజెవ్నికోవ్, ఫీ అనే పరిశోధకులు గమనించినది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను: ఆర్‌ఏకు కబురు పంపే హెచ్‌వీసీ కణం ఒక్కోటీ పాట మొత్తంలో ఒక్కసారే, సుమారు 6 మిల్లీసెకన్లు మాత్రమే పలుకుతుంది. ఊరేగింపులో దివిటీ చేతులు మారినట్టు ఒక కణం తర్వాత ఇంకొకటి. ఆ గుంపును కాస్త చల్లబరిస్తే స్వరాల వరస చెడదు, పాట మొత్తం నిదానిస్తుంది.

కానీ పసిపిట్ట గురగురలు వేరే చోటి నుంచి వస్తాయి. హెచ్‌వీసీని తీసేసినా పిల్ల గురగురలాడుతూనే ఉంటుందనీ, ఎల్‌మాన్ అనే మరో గుంపును ఆపితే అవి ఆగిపోతాయనీ 2008లో తేలింది. తప్పులు చేయించడానికే మెదడులో ఒక చోటు ఉందన్నమాట! పిల్ల అలా తడబడుతూ తన గొంతును తానే వింటుంది, విన్న పాటతో పోల్చుకుంటుంది. పక్కింటి పాప సరళీ స్వరాలు తప్పినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

రెండో నెల దాటాక గురువు పాటలోని ముక్కలు తేటపడ్డాయి. సాయంత్రానికి కుదిరిన వరస తెల్లవారేసరికి చెదిరిపోయేది. ఆ వారం నాకు నిద్ర లేదు. నిద్ర తర్వాత పాట ఇలా జారడం మామూలేననీ, ఎక్కువ జారిన పిల్లలే చివరికి గురువును బాగా పోలి పాడతాయనీ 2005 నాటి పరిశోధన ఒకటి ధైర్యమిచ్చింది.

92వ రోజు రికార్డు చేశాను. సెకను నిడివి పాట, మూడు రోజులు వరసగా ఒకటే. గురువును బరంపురంలో అప్పగించి వచ్చాను.

ఇప్పుడు మా వసారాలో వినిపించేది ఆ బరంపురం పక్షి పాటే. తండ్రి పాట నా ఫోనులో ఉంది, ఇంకెక్కడా లేదు.