లెస్టర్‌లో మా అద్దె ఇంటికి ఈపీసీ తెచ్చుకున్న అనుభవం

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మాకు 1890ల నాటి టెర్రస్ ఇల్లు, అంటే పక్కిళ్లతో గోడలు కలిసి వరుసగా కట్టిన ఇల్లు ఒకటి ఉంది. ఉద్యోగరీత్యా రెడింగ్‌కు మారినప్పటి నుంచి దాన్ని అద్దెకిస్తున్నాను. 2024 ఫిబ్రవరిలో అందులో ఉంటున్న గుంటూరు దంపతులు ఖాళీ చేస్తున్న రోజు తాళాలు తీసుకోవడానికి వెళ్లాను. ఆ అమ్మాయి నన్ను వెనుక పడకగదిలోకి తీసుకువెళ్లి, గోడ దగ్గరి బీరువాను పక్కకు జరిపింది. మూల నుంచి నడుము ఎత్తు దాకా నల్లటి బూజు పట్టి ఉంది. చెయ్యి ఆనిస్తే గోడ తడి వేళ్లకు అంటింది. ‘‘రెండు చలికాలాలూ బాబును మా దగ్గరే పడుకోబెట్టుకున్నాం అన్నయ్యా, ఈ గదిలో వేడి నిలవదు’’ అంది. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, బాగుచేయించి అద్దె పెంచుతారేమోనని భయపడ్డామంది. ఆ మాట నన్ను చాలాకాలం బాధపెట్టింది.

ఇంటిని మళ్లీ అద్దెకివ్వాలంటే, ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే ఎనర్జీ పర్ఫార్మెన్స్ సర్టిఫికెట్ కావాలి. ఇక్కడ అందరూ దాన్ని ఈపీసీ అంటారు. దాని గడువు పదేళ్లు. మాది అంతకు ముందు శరదృతువులోనే తీరిపోయింది. పాయింట్లను బట్టి ఇళ్లకు ఎ నుంచి జి దాకా స్థాయిలు ఇస్తారు; ఎ అన్నిటికన్నా మేలు, జి అధమం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త అద్దె ఒప్పందాలకు, 2020 ఏప్రిల్ 1 నుంచి కొనసాగుతున్న ఒప్పందాలకు కూడా కనీసం ఇ స్థాయి, అంటే 39 పాయింట్లు ఉండాలన్నది నియమం. మినహాయింపు నమోదు చేసుకోకుండా అంతకన్నా తక్కువ స్థాయి ఇంటిని అద్దెకిస్తే స్థానిక కౌన్సిల్ ఒక్కో ఇంటికి 5,000 పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు. పాత సర్టిఫికెట్‌లో 41 ఉంది కాబట్టి నాకు బెంగ లేకపోయింది.

కొత్త సర్టిఫికెట్‌లో 36 వచ్చింది, అంటే ఎఫ్. వేడి పైకి పోకుండా అటక మీద ఇన్సులేషన్ దూది పరిచే ఉంది కదా అని, ఇంటిని పరిశీలించి ఈ సర్టిఫికెట్ ఇచ్చిన అసెసర్‌కు ఫోన్ చేశాను. పైన పలకలు మేకులతో బిగించి ఉన్నందువల్ల కింద ఏముందో తనకు కనబడలేదనీ, కంటితో చూసినదో కాగితంతో రుజువైనదో తప్ప మరేదీ రాయకూడదనీ, రుజువు లేనప్పుడు ఆ కాలపు ఇళ్లకు వర్తించే అంచనానే వేయాలనీ ఆయన ఓపికగా వివరించారు. నాకు కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆ శనివారం పలకలు ఊడదీయించి చూస్తే, పాత దూది పలకల బరువుకు అణిగి అప్పడంలా ఉంది. చూరు వైపు అసలు లేనే లేదు. దూది పోగుల మధ్య చిక్కుకున్న గాలే వేడిని ఆపుతుంది కాబట్టి, అణిగిన దూది దాదాపు లేనట్టే. ఏడెనిమిదేళ్ల క్రితం సామాన్లు పెట్టుకోవడానికి ఆ పలకలు వేయించింది నేనే. వెనుక గది సరిగ్గా దాని కిందే ఉంది.

ఇన్సులేషన్ మనిషి వాసాల మధ్య 100 మిల్లీమీటర్లు, వాటికి అడ్డంగా మరో 170, మొత్తం 270 మిల్లీమీటర్ల మందాన పరిచాడు. చూరు దగ్గర గాలి ఆడేందుకు సందు వదిలాడు. అది మూసేస్తే అటకలోనే చెమ్మ చేరుతుందట. నీళ్ల ట్యాంకు కింద మాత్రం పరచలేదు, ఎందుకంటే కింది నుంచి కాస్త వేడి తగలకపోతే చలికి నీరు గడ్డకడుతుంది. దీనికి 540 పౌండ్లు అయ్యాయి. ఇన్సులేషన్ పనుల మీద 2022 ఏప్రిల్ నుంచి వ్యాట్ లేకపోవడం కలిసివచ్చింది. ఇంటిని వేడిచేసే, ఇరవై ఏళ్లు దాటిన బాయిలర్‌ను కూడా మార్పించి, గదిలో థర్మోస్టాట్, రేడియేటర్లకు వాల్వులు పెట్టించాను. దానికి 2,300 అయ్యాయి. వ్యాట్‌తో కలిపి 3,500 పౌండ్ల దాకా ఖర్చు చేసినా ఇ రాని ఇంటికి ఐదేళ్ల మినహాయింపు నమోదు చేసుకునే వీలుంది. ఆ పరిమితికి చేరకుండానే మా పని అయిపోయింది. ఈసారి పని జరుగుతున్నంతసేపూ స్కేలు ఆనించి ఫొటోలు తీసి, బిల్లులతో పాటు దాచాను. అదే అసెసర్ మళ్లీ వచ్చి చూశాక 57 వచ్చింది, డి స్థాయి. కొత్తగా వచ్చేవాళ్లు నాలుగు వారాలు ఆలస్యంగా దిగాల్సి వచ్చింది. ఆ నెల అద్దె నేను అడగలేదు.

2030 నాటికి అద్దె ఇళ్లన్నీ సి స్థాయికి చేరాలన్న ప్రతిపాదనపై ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో అభిప్రాయాలు కోరింది. మా గోడలు నడుమ ఖాళీ లేని ఇటుక గోడలు. అక్కడిదాకా వెళ్లాలంటే వాటికి లోపలి వైపు ఇన్సులేషన్ వేయించక తప్పదు. మొన్న జనవరిలో అద్దెకున్నవారి అనుమతి తీసుకుని వెనుక గదిలోకి వెళ్లాను. బూజు తిరిగి రాలేదు, పైకప్పు పొడిగా ఉంది, కానీ బయటి మూలన చెయ్యి పెడితే గోడ ఇంకా చల్లగానే తగిలింది. ముందుగా ఆ ఒక్క గోడ వరకైనా పని చేయించాలని ఇద్దరు పనివాళ్లను అంచనా అడిగాను.