తలకోనలో మయూరశిఖ, కొండ మీద పేరిత

తలకోనకు ఎవరైనా జలపాతం కోసం పోతారు. మేము పోయింది ఆ జలపాతం పక్కన తడి రాళ్ళ మీద ఏం మొలుస్తుందో చూడ్డానికి. మా మామ డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాడు. "పూసే మొక్కల్ని ఊరంతా చూస్తుంది, పూయని వాటిని నేను చూపిస్తా రారా" అని ఎప్పట్నుంచో అంటున్నాడు. కార్తీకంలో వానలు తెరిపిచ్చాక కుదిరింది.

శ్రీనివాస మంగాపురం దాటి భాకరాపేట ఘాట్ ఎక్కి దిగాం. దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు, భాకరాపేటలో తిన్న ఎర్రకారం దోసె తప్ప. నెరబైలు మీదుగా సిద్ధేశ్వరస్వామి గుడి చేరేసరికి కార్లు బారులు తీరి ఉన్నాయి. జనమంతా 270 అడుగుల నుంచి పడే నీళ్ళ కోసం గబగబా పోతుంటే, మామ మాత్రం మొదటి మలుపు కూడా తిరక్కుండానే ఒక బండ ముందు గొంతుక్కూర్చున్నాడు.

బండ సందులో బెత్తెడైనా ఎత్తు లేని మొక్కలు, తాటాకులు చిన్నవి చేసి గుచ్చినట్టు. అది మయూరశిఖ. ఎండల్లో ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది, తడి తగిలితే మళ్ళీ విచ్చుకుంటుంది. మామ ఆకును తుంచకుండా వేలితో తిప్పి భూతద్దం నా చేతికిచ్చాడు. సన్నటి ఆకు అంచులు లోపలికి మడత పడి ఉన్నాయి, ఆ మడత కింద గోధుమరంగు గీత. అవి సిద్ధబీజాల సంచులు, విత్తనాల బదులు పనిచేసే సన్న పొడి (స్పోర్లు) ఉండేది వాటిలోనే.

"పువ్వు లేదు, కాయ లేదు. మరి గోత్రం ఎట్లా చెప్తావు? సంచి ఎక్కడుందో చూడాల. ఆకు వెనకనో అంచునో గుంపుగా ఉంటే ఫెర్న్."

కాస్త పైకి పోయాక నీడ పట్టున రాళ్ళంతా పచ్చగా ఉంది. సెల్ఫీ దిగుతున్న కుర్రాడొకడు ఆగి "నాచుకు ఫోటో తీస్తా ఉండారా అన్నా?" అనడిగాడు. చూస్తే నాచే అనిపిస్తుంది. కానీ నాచుకు నీళ్ళు మోసే నాళాలు ఉండవు, దీనికి ఉన్నాయి. ఇది సెలాజినెల్లా. భూతద్దంలో చూస్తే ఆకులు నాలుగు వరసలు, రెండు వరసలు పెద్దవి, రెండు చిన్నవి. ఒక్కో ఆకులో ఒకే ఒక్క ఈనె, కొమ్మలు లేని ఈనె. కొమ్మ చివర ఆకులన్నీ దగ్గరకు చేరి చిన్న కంకి కట్టాయి. అక్కడ ఒక్కో ఆకు మొదట్లో, పైవైపున, ఒకే ఒక్క సంచి. కొన్ని సంచుల్లో సన్న పొడి, కొన్నింటిలో మామూలుగా నాలుగే పెద్ద బీజాలు. లైకోపోడియం కూడా ఇదే వంశం, కాకపోతే దాని సిద్ధబీజాలన్నీ ఒకే సైజు.

1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కల్ని ఎక్కువగా కేసరాల లెక్కతో 23 తరగతులు చేసి, పూలు కనబడని వాటిని 24వ తరగతిలో పెట్టాడు. పుట్టగొడుగులూ, పాచీ, నాచూ, ఫెర్నులూ అన్నీ అందులోనే. లైకోపోడియాన్ని నాచుల్లో కలిపాడు, గుర్రపుతోక అనే ఈక్విసెటాన్ని ఫెర్నుల్లో కలిపాడు. ఇంటర్లో మేము సైలాప్సిడా, లైకాప్సిడా, స్ఫీనాప్సిడా, టీరాప్సిడా అని, విత్తనం లేని నాళాల మొక్కల నాలుగు తరగతుల పేర్లు బట్టీ పట్టాం. పరీక్ష టెన్షన్ తప్ప అందులో ఎవరు ఎవరికి చుట్టమో ఒక్క ముక్క తెలియలేదు. నన్నడిగితే ఆ పాఠం మొదలుపెట్టాల్సింది ఆ చుట్టరికంతోనే.

మామ ఆ బండ మీదే తేల్చేశాడు. "ఇందాకటి మయూరశిఖకు ఈ సెలాజినెల్లా దూరం. దామలచెరువు మామిడిచెట్టే మయూరశిఖకు దగ్గరి చుట్టం."

నేను నవ్వాను కానీ ఆయన నవ్వలేదు. 40 కోట్ల ఏళ్ళకు ముందే నాళాలున్న మొక్కల్లోంచి లైకోపోడియం, సెలాజినెల్లాల వంశం వేరు పడింది. మిగిలిన వంశం ఆ తర్వాత రెండుగా చీలింది. ఒకటి ఫెర్నులు, రెండోది విత్తనం మొక్కలు. మామిడి ఆ రెండో పాయలో చివర్లో వచ్చింది. కాబట్టి పువ్వు లేకపోవడం ఒక్కటి చూసి మయూరశిఖనూ సెలాజినెల్లానూ ఒకే గంపలో వేస్తే లెక్క తప్పుతుంది.

గుర్రపుతోక ఆ దారిలో కనబడలేదు. మామకు తెలుసేమో, ఎండబెట్టిన నమూనా ఒకటి పేపర్ మడతలో పెట్టుకుని వచ్చాడు. కణుపులు కణుపులుగా ఉన్న కాడ, ముట్టుకుంటే ఇసుక కాగితం. ఒంట్లో సిలికా ఉండబట్టి కొన్ని దేశాల్లో దాంతో గిన్నెలు తోముకునేవాళ్ళు. కొన మీద కంకి, కంకి నిండా చిన్న గొడుగులు, గొడుగు కింద వేలాడే సంచులు. ఆకు వెనకా కాదు, ఆకు మొదలూ కాదు. అందుకే చాలాకాలం దాన్ని విడి తరగతిగా ఉంచారు. 2001లో డీఎన్ఏ పోల్చి చూసిన పరిశోధనలో అది ఫెర్నుల పక్షానే తేలింది. కాలేజీ కుండీలో మామ పెంచిన సైలోటం కథా అంతే. వేర్లు లేవు, చెప్పుకోదగ్గ ఆకులు లేవు, అన్నిటికంటే పాతకాలపు మొక్క అని పాఠం చెప్పేవాళ్ళు. ఇప్పుడది ఓఫియోగ్లాసం అనే బుల్లి ఫెర్నుకు పక్కింటిది.

2016లో పలు దేశాల శాస్త్రవేత్తలు కలిసి వేసిన వర్గీకరణలో నాలుగు తరగతులు పోయి రెండే మిగిలాయి. మొత్తం దాదాపు 12 వేల జాతుల్లో లైకోపోడియం వైపువి 1,300 చిల్లర. మిగతావన్నీ ఫెర్నులు, గుర్రపుతోకలతో సహా. గుర్రపుతోకల్లో బతికున్నవి 15 జాతులే. బొగ్గు యుగంలో వాటి బంధువులు మానులంతేసి ఉండేవి. సింగరేణి బొగ్గు మాత్రం వీటి లెక్కలోది కాదు. అది ఎక్కువగా గ్లాసోప్టెరిస్ అనే విత్తనం చెట్ల అడవి.

జలపాతం కూడా చూశాం. బాగుంది, జారుడు ఎక్కువ.

తిరుగు దారిలో టీ కోసం ఆగిన చోట ఒక పాడిరైతు ఆవులకు అజొల్లా వేస్తున్నాడు. పట్టా పరిచిన గుంతలో పచ్చగా తేలుతూ ఉంది. మామ చెయ్యి పెట్టి నాలుగు తీసి, "ఇది కూడా ఫెర్నే అబ్బోడా" అన్నాడు.

"పాచి అనుకుంటా ఉండామే సార్! ఆవులు బాగా తింటాయని వేస్తా ఉండాము."

ఆ ఆకు లోపలి గదిలో నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా కాపురముండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. మేతలో మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది అందుకే. ఇంకో గుంత తవ్వొచ్చా అన్నది ఆ రైతు ప్రశ్న. ఫెర్నుల ముచ్చట ఆయనకు అక్కర్లేదు, న్యాయమే.

మర్నాడు తిరుమల ఘాట్. దారి పక్కన రాళ్ళ పొరల గురించి బోర్డు ఉన్న చోట, కింద గ్రానైటు, పైన ఇసుక గట్టిపడి రాయైన క్వార్ట్జైటు, మధ్యలో కోట్ల ఏళ్ళ ఖాళీ. ఆ ఇసుక రాయిగా మారిన రోజుల్లో నేల మీద మొక్కే లేదు. దర్శనం అయ్యాక, ఎండ పడే రాళ్ళ వాలులో పేరిత కనబడింది. సైకస్ బెడ్డోమీ. మద్రాసు ప్రెసిడెన్సీ అడవుల అధికారి బెడ్డోమ్ పేరు దానికి పెట్టారు. దక్షిణ భారత ఫెర్నులకు 1860ల్లో బొమ్మల పుస్తకం వేసింది కూడా ఆయనే. ఈ చుట్టుపట్ల కొండల్లో తప్ప అడవిలో ఎక్కడా పెరగదు. ఒకప్పుడు మందుల కోసం మగ కంకుల్ని విరగ్గొట్టి అమ్మేవాళ్ళు, ఇప్పుడు అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధముంది.

పేరితకు విత్తనం ఉంది, పువ్వు లేదు. విత్తనం మొక్కే అయినా దాని మగ కణాలు ఫెర్నుల్లాగే ఈదుతాయి. సైకస్‌లో ఆ సంగతి 1896లో బయటపడింది. మాకు దొరికింది ఆడ మొక్క. మగ మొక్కకున్నట్టు గట్టి కంకి దీనికి లేదు, నడిమధ్య గోధుమరంగు నూగుతో పొట్టి ఆకుల్లాంటివి గుంపుగా ఉన్నాయి. భూతద్దం అక్కర్లేకుండానే, విత్తనం ఎక్కడుందో చెప్పమన్నాడు మామ. ఆ ఆకు అంచున.