అప్పు ఎప్పుడు ఇయ్యాలె టీచర్? – నా ఎస్జీటీ ప్రిపరేషన్

తెలంగాణలో ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్షే డీఎస్సీ, అందులో ప్రాథమిక తరగతుల టీచరు పోస్టే ఎస్జీటీ. డీఎస్సీలో ఇంటర్వ్యూ ఉండదు. 160 బిట్లు, రెండున్నర గంటలు, అంతే. "టీచరే ఎందుకు కావాలనుకున్నావు?" అని ఎవరూ అడగరు. అదీ ఒకందుకు మంచిదే. మొదటిసారి రాసినప్పుడు అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. ఇంటర్ అయ్యాక డైట్ కాలేజీలో, అంటే ప్రాథమిక టీచర్లకు డీఎడ్ శిక్షణ ఇచ్చే కాలేజీలో, సీటొచ్చింది. ఫీజు తక్కువ, ఆడపిల్లకు మంచి నౌకరి అన్నాడు నాయన. చేరిపోయాను.

2017 నోటిఫికేషన్‌లో 8,792 పోస్టులు. 2018 ఫిబ్రవరిలో పరీక్ష. గైడ్లు బట్టీ పట్టి వెళ్లాను, పోయింది. ఆ తర్వాత మనకు ఆరేళ్లు డీఎస్సీయే లేదు. మా టౌన్‌లోనే ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి చెప్పేదాన్ని. జీతం తొమ్మిది వేలు. కరోనాలో అదీ ఆగింది. 2021లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకిచ్చిన రెండు వేలు, 25 కిలోల బియ్యం నేనూ తీసుకున్నాను. రేషన్ షాపు లైన్లో నా ముందు నిలబడింది నా స్టూడెంట్ వాళ్లమ్మ. ఆ రోజు ఇంటికొచ్చి, ఇక ఈ లైన్ వద్దు, బ్యాంకు కోచింగ్‌కి పోదామని గట్టిగా అనుకున్నాను.

పోకపోవడానికి కారణం ఒక తీసివేత లెక్క.

స్కూళ్లు తెరిచాక పిల్లలకు 42లోంచి 17 తీసేయమని ఇచ్చాను. సగం మంది 35 అని రాశారు. ఒకట్ల స్థానంలో ఏడులోంచి రెండు తీసేశారు. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని మేమే చెప్పాం మరి! నాకు చిన్నప్పుడు చెప్పినట్టే నేనూ చెప్పాను: "రెండులోంచి ఏడు పోదు కదా, పక్కింట్లో అప్పు తెచ్చుకోవాలి." వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "మరి ఆ అప్పు మళ్ల ఎప్పుడు ఇయ్యాలె టీచర్?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి వాణ్ణి కూర్చోబెట్టాను, ఎందుకంటే నాకు జవాబు తెలియదు. రాత్రి అన్నం తింటుంటే కూడా అదే ప్రశ్న. నలభై రెండంటే నాలుగు పదుల కట్టలు, రెండు విడి పుల్లలు. ఇందులో అప్పెక్కడుంది? ఒక కట్ట విప్పుతున్నాం, అంతే. ఎవరి దగ్గరా తేవట్లేదు, మన సొమ్మే. మర్నాడు చీపురు పుల్లలు విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి తీసుకెళ్లాను. వాణ్ణే పిలిచాను. ఒక కట్ట విప్పాడు, పన్నెండు పుల్లల్లోంచి ఏడు పక్కన పెట్టాడు, మిగిలిన మూడు కట్టల్లోంచి ఒకటి తీశాడు. "ఇరవై అయిదు. ఎవ్వరికీ ఇచ్చేది లేదు టీచర్."

వాడి మొహం చూశాక బ్యాంకు సంగతి మళ్లీ ఎత్తలేదు. డైట్‌లో రెండేళ్లు చదివిన మెథడాలజీ, అంటే పాఠం ఎలా చెప్పాలన్నది, నాకు అర్థమైంది ఆ పూటే. పిల్లలు ఎలా నేర్చుకుంటారో మనస్తత్వవేత్త బ్రూనర్ చెప్పిన మూడు దశలు బిట్లలో ఎన్నిసార్లు తారుమారు చేశానో లెక్కలేదు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను: ముందు పుల్లలు, తర్వాత బోర్డు మీద పుల్లల బొమ్మ, చివరికి అంకెలు. మరో మనస్తత్వవేత్త పియాజే కూడా అంతే. రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాన్ని సన్నటి సీసాలోకి వంచి, "ఎందులో ఎక్కువున్నాయి?" అని మా యూకేజీ పిల్లల్ని అడిగాను. అందరూ సీసా అన్నారు. ఇక ఆ బిట్ ఎలా మర్చిపోతాను? విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 చదివినప్పుడు మాత్రం సిగ్గేసింది. పిల్లల్ని కొట్టకూడదని చెప్పే సెక్షన్ అది. నా టేబుల్ మీద రోజూ స్కేలు ఉండేది.

2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, ఎన్నికలతో వాయిదా పడింది, 2024 ఫిబ్రవరిలో రద్దయింది, వెంటనే 11,062 పోస్టులతో కొత్తది వచ్చింది. అందులో ఎస్జీటీలే 6,508. ప్రాథమిక తరగతులకు బీఎడ్ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చడంతో పోటీ కూడా మన డీఎడ్ వాళ్ల మధ్యే మిగిలింది. (బీఎడ్ చేసిన మా పిన్ని కూతురు ముందు ఈ మాట అనకూడదు.)

టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మళ్లీ రాయాలా అని చాలామంది ఊగిసలాడుతుంటారు. లెక్క చూసుకోండి. 150 మార్కుల టెట్‌కు డీఎస్సీలో 20 మార్కుల వెయిటేజీ. అంటే టెట్‌లో 15 మార్కులు పెరిగితే ఇక్కడ రెండు మార్కులు, బిట్‌కు అర మార్కు కాబట్టి నాలుగు బిట్లు. నేను 2024లో మళ్లీ రాశాను, మార్కులు పెరిగాయి. దానికంటే పెద్ద లాభం ఇంకొకటుంది. ఆ టెట్ మొదటిసారి కంప్యూటర్ మీద పెట్టారు కాబట్టి మౌస్ భయం అక్కడే పోయింది.

జీకే 20 బిట్లకు రోజుకు అరగంట కంటే ఎక్కువ ఇవ్వలేదు. మెథడాలజీ 30, విద్యా దృక్పథాలు 20, ఈ యాభై బిట్లే నన్ను కాపాడాయి. కంటెంట్‌కు గైడ్లన్నీ అటక మీద పడేసి మూడు నుంచి పది దాకా స్కూల్ పుస్తకాలే చదివాను, పాఠం చివర అభ్యాసాలతో సహా. ఇంగ్లిష్ మాత్రం నిర్లక్ష్యం చేశాను, అక్కడే దెబ్బ తిన్నాను. మీరు ఆ తప్పు చేయకండి. జూలైలో పరీక్ష వాయిదా వేయాలని గొడవలు జరుగుతున్నప్పుడు నాలుగు రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఆ నాలుగు రోజులూ వృథా. పరీక్షలు జూలై 18నే మొదలయ్యాయి.

అక్టోబరులో ఆర్డర్ చేతికొచ్చింది. ఇప్పుడు నేనున్నది ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులున్న ఊరి బడి. గణితం కోసం చీపుర్లు తెగ అరిగిపోతున్నాయని ఊడ్చే అవ్వ రోజూ తిడుతుంది. పోయిన నెల రెండు కొనిచ్చాను.