నాయిన తుపాకీ నా పేరుకు మారిన వైనం: లైసెన్సు, గొట్టం, తూటా

లైసెన్సుదారు మరణిస్తే తుపాకీ ఆస్తిగా వారసులకే చెందుతుంది గాని, దాన్ని ఇంట్లో ఉంచుకునే హక్కు మాత్రం ఆ లైసెన్సుతోనే ముగుస్తుంది. 1959 ఆయుధ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం వారసులు అనవసర జాప్యం లేకుండా దాన్ని దగ్గరి పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సు గల డీలరు వద్దనో జమ చేయాలి. ఆ తర్వాత గడువులోగా ఎవరూ లైసెన్సు తెచ్చుకోకపోతే ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. మా నాయిన పోయినప్పుడు, దశదినకర్మ అయిన వెంటనే, స్టేషన్‌కు ముందుగా కబురు చేసి, కానిస్టేబుల్ సమక్షంలో తుపాకీని, లైసెన్సు పుస్తకాన్ని, మిగిలిన తూటాలను అప్పగించాము. రసీదులో తుపాకీ నంబరు, బోరు (గొట్టం లోపలి లావు కొలత), తయారీదారు పేరు, తూటాల లెక్క సరిగ్గా రాయించుకోవడం అన్నింటికన్నా ముఖ్యం, ఎందుకంటే తర్వాత ప్రతి కార్యాలయంలోనూ మొదట అడిగేది ఆ కాగితాన్నే.

మాది నల్లగొండ జిల్లా చందంపేట మండలంలో, కృష్ణ వెనుక జలాలకూ అడవికీ నడుమ ఉన్న ఊరు. మా చేను దగ్గరి ఇల్లు ఊరికి దూరంగా ఒంటరిగా ఉంటుంది; అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటానంటుంది. మా తాత 1960 ప్రాంతంలో కొన్న ఆ ఇంగ్లీషు డబుల్ బ్యారెల్ తుపాకీ నక్సలైట్ల భయం ఉన్న రోజుల్లో ఏళ్ల తరబడి స్టేషన్‌లోనే ఉండిపోయింది. ప్రతి ఎన్నికలప్పుడూ మళ్లీ అక్కడికే చేరేది. అయినా దాన్ని వదులుకోవడానికి ఇంట్లో ఎవరికీ మనసు రాలేదు, ఆత్మరక్షణకు ఒక ఆయుధం ఉండాలన్నది అమ్మ కోరిక కూడా.

2016 ఆయుధ నియమాల్లోని 25వ నియమం వారసులకు దారి చూపుతుంది. లైసెన్సుదారు మరణించాక వారసునికి లైసెన్సు ఇవ్వవచ్చు; అంతేకాక లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీని 25 ఏళ్లు కలిగి ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, ఆయన బతికుండగానే తాను సూచించిన వారసుని పేరున ఇప్పించవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల పేరున తుపాకీ ఉన్నవారు ఈ రెండో మార్గాన్ని తప్పక ఆలోచించాలని నా అభిప్రాయం. పెద్దవారు స్వయంగా సంతకం పెట్టి ఇచ్చే దరఖాస్తుకూ, మరణం తర్వాత వారసులందరి అంగీకారం కూడగట్టి పెట్టుకునే దరఖాస్తుకూ శ్రమలో చాలా తేడా ఉంది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మరణ ధ్రువీకరణ పత్రం, మీసేవ ద్వారా తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, తమకు అభ్యంతరం లేదని అమ్మా అక్కా చెల్లెలూ నోటరీ ముందు ఇచ్చిన అఫిడవిట్లు, ఆరోగ్య ధ్రువీకరణ, ఆయుధ భద్రతా శిక్షణ పూర్తి చేసినట్టు పత్రం, తుపాకీని తాళం పడే ఇనుప బీరువాలో భద్రపరుస్తానన్న హామీ పత్రం, వీటన్నింటితో ఏ-1 ఫారం నింపి నల్లగొండ కలెక్టరేట్‌లో ఇచ్చాను. నాయిన లైసెన్సుకు జాతీయ డేటాబేస్‌లో యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు ఉండటం నాకు కలిసివచ్చింది. ఆ నంబరు లేని పాత పుస్తకం ఇప్పుడు చెల్లదు. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషి పేరున రెండు తుపాకులకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవైనా సరే. అదే సవరణ లైసెన్సు కాలాన్ని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఎస్.ఐ. మా ఊరికి వచ్చి పొరుగువారిని విచారించడం, ఆ నివేదిక దేవరకొండ డీఎస్పీ ద్వారా ఎస్పీ కార్యాలయానికి, అక్కడి నుంచి కలెక్టరేట్‌కు చేరడం మామూలుగానే జరిగిపోయాయి.

నేను ఊహించని చోట ఫైలు ఆగింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు అంగీకారం ఉండాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్ జిల్లాలోనే కాదు, మా నల్లగొండ జిల్లా వైపూ పరచుకుని ఉంది. వారసత్వమే అయినా లైసెన్సు కొత్త మనిషి పేరున జారీ అవుతుంది కాబట్టి దాన్ని కొత్తదిగానే చూడాలని కార్యాలయంలో నిర్ణయించారు. ఫైలు హైదరాబాద్‌లోని అటవీ శాఖ కార్యాలయం అరణ్య భవన్‌కు వెళ్లి రావడానికే ఎక్కువ కాలం పట్టింది. ఆ నిబంధన న్యాయమైనదేనని నేను నమ్ముతాను. మా చేలను అడవి పందులు ఎంత పాడు చేసినా, ఆయుధ లైసెన్సు వేటకు అనుమతి కాదు. ఆ మాట దరఖాస్తులో నేనే స్పష్టంగా రాసి ఇచ్చాను.

నా తుపాకీ ఏ తరగతికి చెందుతుందో తేల్చింది దాని గొట్టమే. గొట్టం లోపల నున్నగా ఉండి, పొడవు 20 అంగుళాలకు తగ్గకుండా, రక్షణకో క్రీడకో ఉద్దేశించిన తుపాకీ అయితే ఆయుధ చట్టం 13వ సెక్షన్ ప్రకారం లైసెన్సుకు దారి కొంత సులువు. మా తుపాకీ గొట్టాలు 30 అంగుళాలు. గొట్టాన్ని అనుమతి లేకుండా పొట్టిగా కోయించడం 6వ సెక్షన్ కింద నేరమనీ, తుపాకీ విడిభాగాలు కూడా చట్టం దృష్టిలో తుపాకీ కిందికే వస్తాయనీ నేను ఈ క్రమంలోనే చదివి తెలుసుకున్నాను. టెక్సాస్‌లో ఉండే మా బావకు ఫోనులో ఇది చెబితే ఆశ్చర్యపోయాడు. అక్కడ గ్లాక్ పిస్టల్ ఉన్నవాళ్లు వేరే కంపెనీ గొట్టం కొని ఇంట్లోనే మార్చుకుంటారట. దానికి కారణం కూడా ఉంది. గ్లాక్ గొట్టాల లోపల గుండును తిప్పే మెలికలకు పదునైన అంచులుండవు. వాటిలో పూతలేని సీసపు గుండ్లు కాలిస్తే సీసం పేరుకుని ఒత్తిడి పెరుగుతుందని, కంపెనీ సీసపు గుండ్లనూ తిరిగి నింపిన తూటాలనూ వాడవద్దంటుంది. ఇంట్లో గుండ్లు పోసుకునేవాళ్లు అందుకే పదునైన అంచుల మామూలు గాడులున్న గొట్టం వేసుకుంటారు. మన దగ్గర ఆ పని ఇంట్లో చేసుకునేది కాదు. అయితే అక్కడివాళ్ల ప్రశ్నే నాకూ ఎదురైంది: ఈ గొట్టం ఏ తూటాను భరించగలదు?

ఈ ప్రశ్న నన్ను ఏ అధికారీ అడగలేదు. లైసెన్సులో బోరు 12 అని ఉంటే, 12 బోరు తూటాలు అమ్ముతారు. కాబట్టి లైసెన్సు వచ్చి తుపాకీ విడుదల కాగానే దాన్ని ఇంటికి తేకుండా, మరమ్మతు లైసెన్సు కూడా ఉన్న హైదరాబాద్ డీలరు వద్దకు తీసుకుపోయాను. అక్కడి వృద్ధ మిస్త్రీని అందరూ ఉస్తాద్ అంటారు. నేనూ అలాగే పిలిచాను. ఆయన గొట్టాలను విప్పి, వెనుక భాగాన ఉన్న ముద్రలను తుడిచి, భూతద్దంలో ఒక్కొక్కటే నాతో చదివించారు. కిరీటం కింద బి.ఎన్.పి. అంటే బర్మింగ్‌హామ్ పరీక్షాశాలలో పొగరాని మందుతో (ఇప్పటి తూటాల్లో వాడే రకం) పరీక్షించినది. వజ్రం ఆకారపు గడిలో 12 బోరు. గొట్టం లోపలి వ్యాసం 0.729 అంగుళం, తూటా గది (గొట్టంలో తూటా కూర్చునే చోటు) పొడవు రెండున్నర అంగుళాలు, మామూలు వాడకంలో గొట్టం తట్టుకునే ఒత్తిడి చదరపు అంగుళానికి 3 టన్నులు. ఈ వరుస ముద్రలు 1954 నిబంధనల తర్వాతివి కాబట్టి తాత దాన్ని కొత్తగానే కొని ఉంటాడని కూడా అనిపించింది.

వీటిలో ప్రాణానికి సంబంధించినది తూటా గది పొడవు. రెండున్నర అంగుళాల గదిని తూటాల లెక్కలో 65 మిల్లీమీటర్లదిగా చెబుతారు. ఇప్పుడు ఎక్కువగా దొరికే తూటాలు 70 మిల్లీమీటర్లవి. తూటా మీద రాసే పొడవు అది పేలి మూతి విచ్చుకున్న తర్వాతి పొడవు. పేలకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి 70 మిల్లీమీటర్ల తూటా 65 మిల్లీమీటర్ల గదిలో ఏ అడ్డూ లేకుండా పడుతుంది, తుపాకీ మూసుకుంటుంది, పేలుతుంది కూడా. అయితే విచ్చుకునే మూతికి చోటు చాలక, గది ముందరి ఇరుకులోకి పొడుచుకుపోయి, సీసపు గుళ్ల దారిని బిగిస్తుంది. ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. పైగా 70 మిల్లీమీటర్ల తూటాల్లో బరువైన మోతాదులు పాత తుపాకీ పరీక్షించిన ఒత్తిడిని దాటేవి ఉంటాయి.

"సార్, లోపల పడింది కదా అని కాల్చకండి. పడటం వేరే, సరిపోవడం వేరే," అన్నారు ఉస్తాద్.

ఆ తర్వాత ఆయన గేజి పెట్టి వెనుక చివర నుంచి 9 అంగుళాల లోపల వ్యాసం కొలిచారు. ముద్రలో ఉన్న 0.729 కన్నా 0.010 అంగుళం పెరిగితే ఆ పరీక్ష ముద్ర చెల్లదని బ్రిటిష్ లెక్క. మాది అందులో సగం కూడా పెరగలేదు. గొట్టం గోడ మందం అర మిల్లీమీటరు కన్నా తక్కువ ఎక్కడా లేదు. కుడి గొట్టంలో తుప్పు తిన్న చిన్న గుంటలు కనిపించాయి. స్టేషన్ మాల్‌ఖానాలో (జమ చేసిన వస్తువులుంచే గదిలో) నూనె లేకుండా గడిచిన వానాకాలాల గుర్తులవి. వాటిని గీకి నున్నగా చేయించమని అడగడం నా మనసులో ఉన్నా, లోహం తగ్గితే గోడ పలుచనవుతుంది కాబట్టి వదిలేయమని ఆయన చెప్పింది విని ఒప్పుకున్నాను. గొట్టాన్ని కిటికీ వైపు పట్టి చూస్తే లోపలి గోడ మీద నీడ వలయాకారంలో విరిగినట్టు కనబడితే అక్కడ ఉబ్బు ఉన్నట్టు, అటువంటిదేమీ లేదు. తాళం బిగుతు, సేఫ్టీ, రెండు ట్రిగ్గర్లూ చూసి, 65 మిల్లీమీటర్ల తూటాలు మాత్రమే వాడాలని రసీదు మీద రాసి ఇచ్చారు. డీలరు ఆ కొలత పెట్టెలనే తెప్పించి, అమ్మిన సంఖ్యను లైసెన్సులో నమోదు చేశారు.

ఇక తాత పెట్టె సంగతి. తుపాకీ జమ చేసిన తర్వాత, అటక మీది ఇనుప ట్రంకులో ఇత్తడి తూటా గుల్లలు, సీసం కరిగించి పోసే అచ్చు, గడ్డకట్టిన నల్ల తుపాకీమందు డబ్బా దొరికాయి. తాత కాలంలో తూటాలు కరువైనప్పుడు గుల్లలనే మళ్లీ నింపుకునేవారని అమ్మ చెప్పింది. బంధువుల్లో ఒకరిద్దరు ఆ పద్ధతిని మళ్లీ మొదలు పెట్టమన్నారు. నేను ససేమిరా ఒప్పుకోలేదు. మందుగుండు తయారీకి ఆయుధ చట్టం 5వ సెక్షన్ కింద వేరే లైసెన్సు కావాలి. తూటా భాగాలు కూడా చట్టం ప్రకారం మందుగుండే. చట్టాన్ని పక్కన పెట్టినా, నల్ల తుపాకీమందును కొలిచే గిన్నెతోనే ఎవరైనా పొగరాని మందు పోస్తే, అదే పరిమాణంలో దాని శక్తి ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి గొట్టం చేతిలోనే పగిలిపోతుంది.

అచ్చులో పోసిన గుండుది ఇంకో ప్రమాదం. ఒక పౌండు సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే ఒక గుండు, అంటే దాదాపు 38 గ్రాములు, ఏ గొట్టంలో సరిగ్గా పడుతుందో అదే 12 బోరు. కాని పూర్తి చోక్ ఉన్న గొట్టం మూతి దగ్గర దాదాపు ఒక మిల్లీమీటరు ఇరుకవుతుంది. మా ఎడమ గొట్టం అటువంటిదే. బోరుకు సరిపడా పోసిన గుండు ఆ ఇరుకులోంచి నలిగి బయటపడాలి. మెత్తని శుద్ధ సీసమైతే ఎంతో కొంత నలుగుతుంది. పాత బ్యాటరీల సీసమో, చక్రాల బరువుల సీసమో అయితే అందులో ఆంటిమొని కలిసి గట్టిపడి ఉంటుంది, నలగదు. ఇంట్లో కరిగించిన సీసంలో ఏముందో చూపుతో ఎవరూ చెప్పలేరు. అందుకని ట్రంకులోని వస్తువులన్నింటినీ లెక్క రాసి, ఎస్.ఐ.గారికి లిఖితపూర్వకంగా తెలిపి అప్పగించి, మరో రసీదు తీసుకుని నాయిన కాగితాలతోపాటు దాచాను.

ఈ మధ్య దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దాయన తన మామ తుపాకీ కోసం ఇదే దారి అడగడానికి మా ఇంటికి వచ్చారు. ఆయన చూపిన ఫోటోల్లో గొట్టం మీద గోధుమరంగు చారలు మెలికలు తిరిగి ఉన్నాయి. ఇనుమునూ ఉక్కునూ పేని అతికించిన డమాస్కస్ గొట్టం అది. దాని మీద పొగరాని మందు పరీక్ష ముద్ర ఒక్కటీ కనబడలేదు. లైసెన్సు కాగితాలు మొదలుపెట్టే ముందే, స్టేషన్‌లో కాక లైసెన్సున్న డీలరు దగ్గర జమ చేసి మిస్త్రీకి చూపించమని చెప్పాను. 21వ సెక్షన్ అందుకు వీలు కల్పిస్తుంది. ఉస్తాద్ దాన్ని చూసి, ఇప్పటి తూటా ఏదీ అందులో వేయకూడదని తేల్చారు. పెద్దాయన దరఖాస్తు ఆలోచన మానుకుని, ఆ తుపాకీని ప్రభుత్వానికి అప్పగించడానికి కలెక్టరుకు రాశారు.