ఇంటి పనికి పనిముట్లు ఎంచుకోవడంలో నా అనుభవం

మేడ మీద గది వేయించేటప్పుడు పెద్ద పనులు మేస్త్రీలకు అప్పజెప్పి, చిన్నాచితకా పనులు నేనే చేసుకుందామనుకున్నాను. ఒకే పెట్టెలో అన్నీ వచ్చే టూల్ కిట్ కొన్నాను. సుత్తి, రెంచీలు, స్క్రూడ్రైవర్లు, డ్రిల్లు అన్నీ ఉన్నాయి, ఇక దేనికీ వెతుక్కోనక్కర్లేదనిపించింది.

కాంక్రీటు బీముకు క్లాంపులు బిగించాల్సి వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది. ఇటుక గోడలో సులువుగా దిగిన డ్రిల్లు, బీములో అంగుళం కూడా దిగలేదు. ఒళ్లంతా బరువేసి నొక్కాను. బిట్టు కొన నీలంగా మారి కాలిన వాసన వచ్చింది. పక్కనే వైరింగ్ చేస్తున్న ఎలక్ట్రీషియన్ చూసి, "నొక్కితే దిగదన్నా, దెబ్బ పడితేనే దిగుతుంది" అని తన రోటరీ హ్యామర్ అందించాడు. దాంతో నిమిషంలోపే పనైపోయింది.

రెండింటికీ తేడా ఏమిటో ఆయన్నే అడిగాను. మామూలు ఇంపాక్ట్ డ్రిల్లులో రెండు పళ్ల చక్రాలు ఒకదానిమీద ఒకటి తిరుగుతూ చిన్న చిన్న దెబ్బలు వేస్తాయి, మనం ఎంత నొక్కితే అంత బలం. రోటరీ హ్యామర్‌లో పిస్టన్ గాలిని నొక్కితే, ఆ ఒత్తిడితోనే బిట్టు వెనక దెబ్బ పడుతుంది. దానికి పట్టే ఎస్‌డీఎస్ అనే రకం బిట్టు కాడకు గాడులుంటాయి, అవి ఉండబట్టే బిట్టు ముందుకూ వెనక్కూ ఆడగలుగుతుంది. నా కిట్‌లోని గుండ్రటి కాడ బిట్లు దానికి పట్టవు.

అప్పటినుంచి పనికొచ్చిన ప్రతి ఒక్కరినీ "ఈ పనికి ఇదే ఎందుకు?" అని అడగడం మొదలుపెట్టాను. ఎవరూ విసుక్కోలేదు.

తాపీ మేస్త్రీ గారు నేర్పిన విషయం నాకు అన్నిటికంటే బాగా ఉపయోగపడింది. నా రసమట్టం తీసుకుని గోడ మీద ఆనించారు. బుడగ నడిమధ్య నిలిచింది. దాన్నే అటు కొస ఇటు తిప్పి, అదే చోట మళ్లీ ఆనించారు. బుడగ ఓ గీత పక్కకు జరిగింది. "గోడ మారలేదు కదా బాబూ, మరి మట్టమే తప్పు" అన్నారు. మంచి మట్టమైతే ఎటు తిప్పినా ఒకేలా చూపిస్తుంది. ఇంకోటి కొనేటప్పుడు కొట్లోనే బల్ల మీద పెట్టి తిప్పి చూసుకున్నాను. ఎత్తైన గోడ నిలువు చూడ్డానికి మాత్రం ఆయన ఇప్పటికీ దారానికి వేలాడే తూకం గుండునే వాడతారు.

వడ్రంగి దగ్గర నేను చేసిన తప్పు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆయన లేనప్పుడు ఉలి తీసి, తలుపు చట్రానికి అంటిన సిమెంటు గీకాను. అంచు అక్కడక్కడా విరిగింది. ఆయన ఒక్క మాటా అనలేదు, కూర్చుని చాలాసేపు సానరాయి మీద నూరుకున్నారు. ఆ మర్నాడే గీకడానికి వేరే స్క్రేపర్ తెచ్చుకున్నాను. రంపాల్లోనూ తేడా ఉందని అప్పుడే చూశాను: కర్రను పొడవునా చీల్చే రంపం పళ్లు చిన్న ఉలుల్లా ఉంటాయి, అడ్డంగా కోసేదాని పళ్లు కత్తి మొనల్లా ఉంటాయి.

ప్లంబింగ్‌లో ఒకే ఒక్క జాగ్రత్త. పైపు రెంచి పళ్లు ఇనప పైపును కరిచి పట్టుకోడానికే. మెరిసే కుళాయి మీద వేస్తే గీతలు పడతాయి, దానికి నున్నటి దవడలున్న స్పానరే వాడాలి.

కరెంటు పనికి కిట్‌లోని స్క్రూడ్రైవర్ పూర్తిగా మానేశాను. పిడికి టేపు చుట్టినంత మాత్రాన రక్షణ రాదు. 1000 వోల్టుల గుర్తుతో, పిడి నుంచి కొన దాకా ఇన్సులేషన్ ఉన్నది కొన్నాను. అయినా మెయిన్ ఆపాకే చెయ్యి పెడతాను.

డిస్క్ తిప్పి కోసే చేతి గ్రైండర్ అంటే మాత్రం ఇప్పటికీ భయమే. చాలా సైట్లలో పెద్ద డిస్క్ పట్టదని, డిస్క్‌కు అడ్డుగా ఉండే గార్డు ఊడదీస్తారు. దయచేసి అలా చేయకండి. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. ఏడంగుళాల డిస్క్ మీద రాసి ఉండే గరిష్ఠ వేగం 8,500 దరిదాపుల్లోనే ఉంటుంది. అంత వేగంలో అది ముక్కలైతే ఎటు ఎగురుతుందో చెప్పలేం. డిస్క్ మీది అంకె మెషిన్ మీది అంకె కంటే తక్కువుంటే దాన్ని బిగించను.

ఆ కిట్‌లో ఇప్పటికీ వాడుతున్నవి సుత్తీ, కొలిచే టేపూ. రోటరీ హ్యామర్ కొనలేదు, బీముకు రంధ్రం వేయాల్సి వస్తే ఆ రోజుకు అద్దెకు తెచ్చుకుంటున్నాను.