పుస్తకం మార్చి తెచ్చావా?

మన బడి సంచికకు జ్ఞాపకాలు రాయమన్నారు. రాయబోతే బడి కన్నా, బెల్లు కొట్టగానే మేం పరుగెత్తే రెండు గదుల పెంకుటిల్లే ముందు గుర్తుకొస్తోంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థ వారి శాఖా గ్రంథాలయం. అప్పట్లో మాది గుంటూరు జిల్లా. 1955లో నేను ఆరో తరగతిలో చేరేనాటికి మన బడిలోనూ పుస్తకాలు ఉండేవి, కాకపోతే తాళం వేసిన అద్దాల బీరువాలో. అందుకే తెలుగు మాస్టారు "చదవాలనుంటే అటు వెళ్లండిరా" అనేవారు.

సాయంత్రం అక్కడ పెద్దవాళ్లదే రాజ్యం. ఒక్క దినపత్రికను నాలుగు ముక్కలుగా పంచుకునేవారు. మాకు కింద చాప. 'చందమామ' వచ్చిన రోజున ఒకడు పేజీ తిప్పబోతే, ఇంకా చదవడం కానివాడు చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆడపిల్లలు గుమ్మం దాకా వచ్చి తమ్ముళ్లను లోపలికి పంపేవారు. తరగతిలో నా కన్నా బాగా చదివేవాళ్లే ఆ గుమ్మం బయట నిలబడేవారు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, అప్పుడు వేయలేదు.

మాది నేత ఇల్లు. నాన్న గుంట మగ్గంలో కూర్చుంటే, అమ్మ రాట్నం ముందు నూలు కండెలు చుట్టేది. పుస్తకం ఇంటికి తేవాలంటే ధరావతు కట్టాలి. పక్కింటి మగ్గాలకు కండెలు చుట్టిన కూలిలోంచి అమ్మే ఇచ్చింది. నాన్న మాత్రం "ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం కదా, మళ్లీ ఇదేమిటి?" అన్నాడు. ఆ పన్ను 1948 నాటి మద్రాసు చట్టంతో వచ్చింది. ఏడాదికోసారి దాన్ని తిట్టుకుంటూ కట్టినా, నేను చదువుతుంటే మగ్గం మీద నాడె ఆపి వినేది ఆయనే.

అమ్మకు పుస్తకాల మీద ఆశ పుట్టింటి నుంచి వచ్చింది. ఆమెది కొల్లూరు వైపు కాలువ గట్టు ఊరు. గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి పూనికతో 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో గ్రంథాలయం పడవెక్కింది. మామయ్య ఆ పడవలో పుస్తకం తెచ్చి చదివి పక్కన పెట్టగానే అమ్మ అందుకునేదట. "అక్కడ పుస్తకమే మా ఊరికి వచ్చేది, ఇక్కడ నిన్ను పంపాల్సి వస్తోంది" అనేది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మొదటి ప్రశ్న, అన్నం తిన్నావా అని కాదు, "పుస్తకం మార్చి తెచ్చావా?" అని.

ఒకసారి వీధిలో పడుగు నూలు పరిచి గంజి పెడుతుంటే, అరుగు మీద వదిలేసిన పుస్తకంలో గంజి ఒలికింది. రెండు పేజీలు అతుక్కుపోయాయి. అమ్మ ఎసరు ఆవిరి పట్టి వాటిని విడదీసింది గానీ మరక మిగిలింది. గ్రంథపాలకుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ ఇంట్లో దీనికి అన్నం కూడా పెట్టారా?" అన్నాడు. జరిమానా వేయలేదు.

తొమ్మిదో తరగతిలో మాస్టారు మమ్మల్ని వేటపాలెం నడిపించుకెళ్లి సారస్వత నికేతనం చూపించారు. 1918లో పెట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిన భవనం. అందరూ అక్కడ భద్రపరిచిన గాంధీజీ చేతికర్ర చుట్టూ మూగితే, నేను బీరువాలు లెక్కపెడుతూ ఉండిపోయాను. ఇంటికొచ్చి చెబితే అమ్మ కర్ర సంగతి అడగనే లేదు. "ఆడవాళ్లు వస్తున్నారా అక్కడికి?" అంది. నేను గమనించలేదు.

1961లో కాలేజీకి వెళ్లిపోయాను. దసరా సెలవులకు వచ్చి గ్రంథాలయానికి వెళితే, గ్రంథపాలకుడు నవ్వుతూ రిజిస్టరు తిప్పి చూపించాడు. నేను ఊళ్లో లేని మూడు నెలల్లో నా పేరున పదకొండు పుస్తకాలు వెళ్లాయి. ధరావతు నా పేరున ఉందని, తన పేరు రాస్తే ఇవ్వరేమోనని, అమ్మ స్వయంగా వచ్చి ప్రతిసారీ నా పేరే సంతకం పెట్టింది. గుండ్రటి అక్షరాలు, నా రాత కన్నా బాగున్నాయి.