గుండ్రటి కాయ కోసం శాన్ మిగెల్ దాకా

రోజంతా తెగులు గుర్తుల కోసం కొబ్బరిచెట్ల తలలు చూస్తూ తిరిగితే మెడ ఎంతగా పట్టేస్తుందో ఈ ప్రయాణంలోనే తెలిసింది.

ఫిలిప్పీన్స్‌లోని బికోల్ ప్రాంతంలో తబాకో రేవు నుంచి శాన్ మిగెల్ దీవికి బంగ్కాలో వెళ్లాం. అంటే రెండు పక్కలా వెదుళ్లు కట్టిన పడవ. వెనక్కి తిరిగితే వడ్లరాశి పోసినట్టు మయాన్ అగ్నిపర్వతం. ఫొటో తీద్దామంటే ఫోన్ తడుస్తుందని టెన్షన్. తీయలేదు.

కొబ్బరిచెట్లను చంపే కదాంగ్-కదాంగ్ తెగులు మొదట బయటపడింది ఈ దీవిలోనే, 1930ల మొదట్లో. ఇక్కడి 2,50,000 చెట్ల తోటలో 1962 నాటికి వందకు మించి మిగల్లేదట. చాలాకాలం దీన్ని వైరస్ అనుకున్నారు. తీరా చూస్తే వైరస్‌కుండే ప్రోటీన్ తొడుగు కూడా లేని వైరాయిడ్, జన్యుసంకేతంలో 246 అక్షరాలే ఉన్న ఆర్ఎన్ఏ ముక్క. ఇంత పెద్ద చెట్టును అంత చిన్నది చంపుతుందంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

చెట్టెక్కే ఆయన్ని అందరిలాగే నేనూ 'కూయా' అని పిలిచాను, వాళ్ల భాషలో అన్న అని. ఆయన దింపిన గెలలో కాయలు చిన్నవి, బంతుల్లా గుండ్రంగా ఉన్నాయి. నడుముకు తాడు కట్టి రాసినట్టు చుట్టూ గరుకు చారలు. ఒక ఆకును ఎండకు అడ్డుపెట్టి చూస్తే నూనె చుక్కలు పడ్డట్టు పసుప్పచ్చ మచ్చలు. ఇది తొలి దశ. తర్వాత పూత మాడి కాపు ఆగిపోతుంది, ఆపై మట్టలు పొట్టివై తల చిక్కిపోతుంది. చెట్టు పూర్తిగా చావడానికి ఎనిమిది నుంచి పదహారేళ్లు. పూతకు రాని మొక్కల్లో ఇది కనబడటం అరుదు. అంటే రైతు పెంచి పెద్దచేశాకే అసలు దెబ్బ.

ఆకు ముక్కలు సంచుల్లో వేసి, చెట్టు మారినప్పుడల్లా కత్తిని బ్లీచ్‌తో తుడిపించాను. కూయా నవ్వాడు. తోటలో ఇది ఒక చెట్టు నుంచి ఇంకోదానికి ఎలా పాకుతుందో ఇప్పటికీ తేలలేదు. కత్తి మీద అనుమానం మాత్రం ఉంది.

"మరి దీన్ని నరికేయమంటారా?" అని అడిగాడు తోట యజమాని. రోగం తగిలిన చెట్లు నరికినా తెగులు ఆగలేదని చదివాను. మందూ లేదు. నేను నసుగుతుంటే ఆయనే, "గెలలు వేస్తోందిగా, ఉండనీండి" అన్నాడు.

పరీక్షకు నేను రెండు కాయలు తీసుకున్నాను. మిగతావి ఆయన కొబ్బరి ఎండబెట్టే పాకలోకి విసిరేశాడు. అక్కడ అన్నీ కిలోల లెక్కే.